ఐసెన్‌హోవర్ సిద్ధాంతం (1957): ఏ దేశం ఏమంది, ఎందుకంది?

పాత కాగితాలు

1957 జనవరి 5న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తమ కాంగ్రెస్ ఉభయసభల ముందు పశ్చిమాసియా గురించి ప్రత్యేకంగా ప్రసంగించాడు. అడిగిన దేశాలకు డబ్బిస్తాం, ఆయుధాలిస్తాం అన్నాడు. అంతర్జాతీయ కమ్యూనిజం చేతిలో ఉన్న ఏ దేశమైనా బాహాటంగా దండెత్తితే, దాడికి గురైన దేశం కోరితే, మా సైన్యాన్నీ పంపుతాం అన్నాడు. ఐసెన్‌హోవర్ సిద్ధాంతం అని పేరుపడింది దీనికే.

దీని మీద మనకు దొరికే రాతలన్నీ దాదాపు వాషింగ్టన్‌లో కూర్చుని చూసినట్టే ఉంటాయి. నేను అవతలి వైపు మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆ ప్రకటన విని కైరో (ఈజిప్టు), డమాస్కస్ (సిరియా), బీరుట్ (లెబనాన్), మాస్కో, కరాచీ (అప్పటి పాకిస్తాన్ రాజధాని), ఢిల్లీ ఏమన్నాయి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కమ్యూనిజం అంటే ఏ దేశానికి ఎంత భయం అన్నదాన్ని బట్టి ఈ స్పందనలు రాలేదు. పొరుగున ఎవరితో తగాదా ఉంది, దేశంలో తన కుర్చీ ఎంత గట్టిగా ఉంది అన్నవాటిని బట్టి వచ్చాయి. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ తన కమ్యూనిస్టులను జైల్లో పెట్టిన మనిషి. అయినా సిద్ధాంతాన్ని కాదన్నాడు. మన నెహ్రూ కూడా అంతే. తెలంగాణ పోరాటాన్ని సైన్యంతో అణచిన ప్రభుత్వం ఆయనదే, సిద్ధాంతాన్ని తప్పుపట్టిందీ ఆయనే. కమ్యూనిజమే అసలు విషయమైతే వీళ్ళిద్దరూ చప్పట్లు కొట్టి ఉండాలి కదా?

సివిల్స్ మిత్ర

సర్, ట్రూమన్ సిద్ధాంతానికీ దీనికీ తేడా ఏంటి? మా మెటీరియల్‌లో రెండూ ఒకటే అన్నట్టు రాసి ఉంది.

మల్లెచెట్టు

బాబూ, ట్రూమన్ 1947 మార్చి 12న మాట్లాడినప్పుడు గ్రీసులో నిజంగానే కమ్యూనిస్టు గెరిల్లాలతో అంతర్యుద్ధం జరుగుతోంది. బ్రిటన్ ఇక మావల్ల కాదని చేతులెత్తేసింది. గ్రీసుకూ టర్కీకీ కలిపి 40 కోట్ల డాలర్లు అడిగాడు. ఎవరికి, ఎందుకు, ఎంత అన్నది స్పష్టం.

1957లో అలా కాదు. సోవియట్ యూనియన్‌ను పక్కనపెడితే ఆ ప్రాంతంలో కమ్యూనిస్టులు పాలిస్తున్న దేశం ఒక్కటీ లేదు. దండయాత్ర ఎవరు చేస్తారని చెప్పారో వాళ్ళ సైన్యం ఏ అరబ్ దేశంలోనూ అడుగుపెట్టలేదు. అడుగుపెట్టినవి రెండు నెలల ముందు బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ సైన్యాలు. 1956 అక్టోబర్ 29న ఇజ్రాయెల్ ఈజిప్టులోని సినాయ్‌లోకి దిగింది, ఆ వెంటనే మిగతా ఇద్దరూ సూయెజ్ కాలువ ప్రాంతం మీద బాంబులు వేశారు. బ్రిటన్, ఫ్రాన్స్ చివరి సైనికులు వెళ్ళిపోయింది డిసెంబర్ 22న. అది జరిగి రెండు వారాలు. పోర్ట్ సయీద్‌లో ఇళ్ళ శిథిలాలు ఇంకా తీయలేదు. అప్పుడు వాషింగ్టన్ నుంచి వచ్చిన మాట ఏమిటంటే, మీకు ప్రమాదం మాస్కో నుంచి అని. కైరోలో ఉన్నవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

పైగా "శూన్యం" అన్న వాదన ఒకటి. బ్రిటన్, ఫ్రాన్స్ వెళ్ళిపోయాయి కాబట్టి అక్కడ ఖాళీ ఏర్పడింది, దాన్ని రష్యా నింపకముందే మనం నింపాలి అని. అరబ్బులకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. మేం ఇక్కడే ఉన్నాం కదా, ఖాళీ ఎక్కడుంది అన్నారు వాళ్ళు.

వైజాగ్ కెరటం

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఆ శీతాకాలంలో బాంబులు పడింది ఒక్క సూయెజ్‌లోనే కాదు. 1956 నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి వెళ్ళాయి. దాన్ని కళ్ళారా చూశాక అమెరికా అధ్యక్షుడు రష్యా గురించి హెచ్చరించడంలో తప్పేముంది? మన దేశం అప్పుడు ఏం చేసింది? హంగరీలో ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలన్న తీర్మానం నవంబర్ 9న సమితి ముందుకొస్తే మన ప్రతినిధి కృష్ణ మీనన్ సోవియట్ శిబిరంతో కలిసి వ్యతిరేకంగా ఓటు వేశారు. జయప్రకాశ్ నారాయణ్ లాంటివాళ్ళు అప్పుడే నిలదీశారు. సూయెజ్ మీద అంత గట్టిగా మాట్లాడిన దేశం హంగరీ మీద గొణిగింది. కాబట్టి ఢిల్లీ స్పందనను ధర్మపన్నాల్లా చదవొద్దు.

పాత కాగితాలు

హంగరీ విషయంలో మీతో నాకు తగువు లేదు. ఆ ఓటు తప్పే. కానీ నేనన్నదీ అదే కదా, ఢిల్లీ స్పందన ధర్మం లెక్కన రాలేదు, పాకిస్తాన్ లెక్కన వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1956 డిసెంబర్‌లో నెహ్రూ అమెరికా వెళ్ళారు, గెటిస్‌బర్గ్‌లో ఐసెన్‌హోవర్ సొంత వ్యవసాయ క్షేత్రంలో ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. చాలా స్నేహంగా సాగిందని రెండు వైపులా చెప్పుకున్నారు. మూడు వారాలు గడవకముందే ఈ ప్రకటన. జనవరి 23న భద్రతా మండలిలో కాశ్మీర్ మీద కృష్ణ మీనన్ ప్రసంగం మొదలైంది, మర్నాడు కూడా కొనసాగి దాదాపు 8 గంటలు నడిచింది. ఫిబ్రవరి 20న కాశ్మీర్ తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది. ఆ తీర్మానం పెట్టిన నాలుగు దేశాల్లో అమెరికా ఒకటి.

అంటే, అమెరికా చట్టసభ ఈ సిద్ధాంతం మీద చర్చించిన రోజుల్లోనే కాశ్మీర్ విషయంలో అమెరికా మనకు ఎదురు నిలబడింది, రష్యా మనవైపు నిలబడింది. ఇటువంటప్పుడు కమ్యూనిజం నుంచి కాపాడతామంటే ఢిల్లీ చెవికి ఎక్కుతుందా?

బెజవాడ బాబాయి

1954లో పాకిస్తాన్‌తో ఆయుధ ఒప్పందం చేసుకున్నప్పుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం కూడా రాశాడు, ఆ ఆయుధాలను మీ మీద వాడనివ్వం అని. అప్పట్నుంచీ పశ్చిమాసియాకు ఆయుధాలు అన్న మాట వినగానే ఢిల్లీ వాళ్ళకు ముందు గుర్తొచ్చేది కరాచీ. బ్రిటన్, టర్కీ, ఇరాక్, ఇరాన్‌లున్న సైనిక కూటమి బాగ్దాద్ ఒప్పందంలో పాకిస్తాన్ కూడా సభ్యదేశం. కొత్త సాయం ఆ దారిలో ఎంత పోతుందో అన్న అనుమానం సహజం.

నెహ్రూ అన్నదాని సారం కూడా చెప్పుకోవాలి. పశ్చిమాసియాలో ఖాళీ అంటూ ఉంటే దాన్ని అక్కడి దేశాలే తమ బలంతో, ఐక్యతతో నింపుకోవాలి, బయటివాళ్ళు సైన్యాలతో వచ్చి నింపితే గొడవలు పెరుగుతాయి అన్నారు. అయితే ఐసెన్‌హోవర్‌ను వ్యక్తిగతంగా ఒక్క మాట అనలేదు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు, దారి సరైంది కాదు అన్న ధోరణి. మొత్తం చూస్తే మెత్తగా కాదన్నారు.

ఇంట్లో కమ్యూనిస్టులతో పోరు, బయట రష్యాతో స్నేహం అన్నది మనకు కొత్త కాదు. 1955 ఆంధ్ర ఎన్నికలు గుర్తుందా ఎవరికైనా? మా ఇంట్లో పెద్దవాళ్ళంతా కమ్యూనిస్టు పార్టీ వాళ్ళే. ఈసారి ప్రభుత్వం మాదే అని ఊళ్ళకు ఊళ్ళు నమ్మి ఉన్న రోజులు. పోలింగ్‌కు కొద్ది వారాల ముందు, జనవరి 26న మాస్కోలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్ళు దాన్ని తీసుకుని ఊరూరా ప్రచారం చేశారు: మీ మాస్కోనే మా నాయకుణ్ణి మెచ్చుకుంటోంది, మీరెందుకు తిడుతున్నారు అని. జవాబు చెప్పలేక మావాళ్ళు నలిగిపోయారు. 196 స్థానాల్లో పార్టీకి వచ్చినవి 15.

వైజాగ్ కెరటం

ప్రావ్దా వల్లే ఓడిపోయారా బాబాయ్? కాంగ్రెస్, మిగతా పక్షాలన్నీ ఒక్కటై పోటీ చేశాయి. ఓట్లు 30 శాతం పైనే వచ్చినా సీట్లు రాలేదు.

బెజవాడ బాబాయి

ప్రావ్దా వల్లే అనలేదయ్యా. ఐక్య సంఘటనే ప్రధాన కారణం. కానీ గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కార్యకర్తల మనసు విరిచేసింది మాత్రం ఆ సంపాదకీయమే. నేను చెప్పొచ్చేదేమిటంటే, మాస్కోకు కూడా దేశంలోని కమ్యూనిస్టుల కంటే ఢిల్లీలోని ప్రభుత్వం ముఖ్యం. 1957లో కైరోతోనూ అంతే. నాసర్ జైళ్ళలో కమ్యూనిస్టులున్నారని తెలిసీ మాస్కో నాసర్‌కు ఆయుధాలు అమ్మింది.

దమ్మాం నుంచి

అన్నా, సౌదీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనుండేది ఇక్కడే, దహ్రాన్‌కు దగ్గర. ఈ కథలో దహ్రాన్ విమాన స్థావరం పెద్ద విషయం. అప్పుడు అది అమెరికా వాళ్ళ వాడకంలో ఉంది, లీజు గడువు అయిపోయింది.

సౌద్ రాజు జనవరి చివర్లో వాషింగ్టన్ పోయిండు. ఐసెన్‌హోవర్ స్వయంగా విమానాశ్రయానికి వచ్చి స్వాగతం పలికిండు. అంతకుముందు ఏ దేశాధినేతకూ ఆయన అట్లా చేయలేదు. అదే రాజు న్యూయార్క్‌లో దిగితే ఆ నగర మేయర్ వాగ్నర్ స్వాగతం చెప్పనని మొండికేసిండు. ఆఖరికి దహ్రాన్ లీజు ఇంకో ఐదేళ్ళు పొడిగించిండ్రు, సౌదీకి ఆయుధాలు, సైనిక శిక్షణ దొరికినయ్. రాజు సిద్ధాంతం గురించి మంచి మాటలే చెప్పిండు.

కానీ ఇది చూడండి. వాషింగ్టన్ పోయే ముందు జనవరి 19న కైరోలో ఈజిప్ట్, సిరియా, జోర్డాన్ నాయకులతో కూర్చున్నది కూడా ఈ రాజే. బ్రిటన్ జోర్డాన్‌కు ఏటా ఇచ్చే డబ్బు ఇక మనమే ఇద్దాం అని ఈజిప్ట్, సిరియా, సౌదీ ముగ్గురూ ఒప్పుకుని సంతకాలు పెట్టిండ్రు. శూన్యం అన్న వాదన మాకొద్దని కూడా అక్కడే అన్నరు. రెండు చోట్లా ఆయనే.

మల్లెచెట్టు

దమ్మాం తమ్ముడు చెప్పిన కైరో సమావేశం చాలా ముఖ్యం. జోర్డాన్‌కు ఏడాదికి కోటీ 25 లక్షల ఈజిప్షియన్ పౌండ్లు ఇస్తామన్నారు. సౌదీ తన వాటా కొంత చెల్లించింది, ఈజిప్టు, సిరియా ఇవ్వనేలేదు. ఆ డబ్బు రాకపోవడమే జోర్డాన్ రాజు హుస్సేన్‌ను అమెరికా వైపు నడిపించిన కారణాల్లో ఒకటి.

హుస్సేన్‌కు అప్పుడు 21 ఏళ్ళు. ప్రధాని నబుల్సీ పార్టీ ఎన్నికల్లో గెలిచింది, ఆయన నాసర్‌కు దగ్గర. ఫిబ్రవరి మొదట్లో రాజు ప్రధానికి బహిరంగంగా ఒక లేఖ రాశాడు, దేశంలోకి కమ్యూనిజం చొరబడుతోంది, అడ్డుకోవాలి అని. వాషింగ్టన్‌కు వినిపించాలనే రాసినట్టుంటుంది ఆ లేఖ. ఏప్రిల్ 10న నబుల్సీని దించేశాడు. మూడు రోజులకు జర్కా సైనిక శిబిరంలో తిరుగుబాటు గొడవ. రాజు తనే కారెక్కి అక్కడికి వెళ్ళి సైనికుల మధ్య నిలబడ్డాడు. ఏప్రిల్ 24న జోర్డాన్ స్వాతంత్ర్యం మాకు చాలా ముఖ్యమని వైట్‌హౌస్ ప్రకటించింది, అమెరికా ఆరో నౌకాదళం తూర్పు మధ్యధరా వైపు కదిలింది. ఆ నెలాఖరుకు కోటి డాలర్ల సాయం.

గమనించాల్సింది ఏమిటంటే హుస్సేన్ ఈ సిద్ధాంతాన్ని అధికారికంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఈ సిద్ధాంతాన్ని వివరించడానికి అమెరికా పంపిన ప్రత్యేక దూత రిచర్డ్స్ 15 దేశాలు తిరిగాడు, జోర్డాన్‌కు మాత్రం వెళ్ళలేదు. ఈజిప్టుకూ సిరియాకూ కూడా వెళ్ళలేదు. డబ్బు తీసుకోవడం వేరు, అందరి ముందూ జెండా పట్టుకోవడం వేరు అని ఆ కుర్రాడికి బాగా తెలుసు.

వైజాగ్ కెరటం

అదే నేనంటున్నది మేడమ్. జోర్డాన్ రాజ్యం నిలబడింది కదా? ఇవాళ్టికీ ఆ కుటుంబమే పాలిస్తోంది. 1957 ఏప్రిల్‌లో ఆ సాయం లేకపోతే ఏమయ్యేదో! అరబ్ జనం ఏమన్నారు, కైరో రేడియో ఏమంది అన్నది పక్కన పెట్టి ఫలితం చూడాలి. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్, ఇరాక్ జనవరిలోనే అంకారాలో కలిసి దీన్ని స్వాగతించాయి. లిబియా, ఇథియోపియా ఒప్పుకున్నాయి. లెబనాన్ అయితే ఉమ్మడి ప్రకటనే ఇచ్చింది. ఇన్ని దేశాలు అమాయకంగా ఒప్పుకున్నాయా?

ఎడిసన్ తెలుగు

అమెరికాలోనే దీనికి అంత సులువుగా ఆమోదం రాలేదని మర్చిపోకండి. ప్రతినిధుల సభలో 355-61తో తేలిగ్గానే గట్టెక్కింది. సెనేట్‌లో మాత్రం రెండు నెలలు లాగి మార్చి 5న 72-19తో నెగ్గింది. సంతకం మార్చి 9న. అధ్యక్షుడికి యుద్ధం విషయంలో ఖాళీ చెక్కు ఇస్తున్నామా అని సెనేటర్లు నిలదీశారు.

అక్కడ విదేశాంగ మంత్రి డల్లెస్ అన్న ఒక మాట లండన్‌లో మంట పెట్టింది. బ్రిటన్, ఫ్రాన్స్‌లను ఎందుకు కలుపుకోవడం లేదని అడిగితే, నేనే అక్కడ పోరాడే అమెరికన్ సైనికుణ్ణయితే కుడిపక్కనొక బ్రిటిష్ వాడు, ఎడమపక్కనొక ఫ్రెంచి వాడు లేకపోవడమే క్షేమం అనుకుంటాను అన్న అర్థంలో జవాబిచ్చాడు. ప్రకటన వచ్చిన నాలుగో రోజున, జనవరి 9న ఈడెన్ బ్రిటన్ ప్రధాని పదవికి రాజీనామా చేశాడు. సూయెజ్ అవమానం మీద ఈ మాట. ఆయన స్థానంలో మాక్మిలన్ వచ్చి మార్చిలో బెర్ముడాలో ఐసెన్‌హోవర్‌ను కలిసేదాకా చల్లారలేదు. పాత మిత్రులకు కూడా ఈ సిద్ధాంతం తమ చోటు లాక్కున్నట్టే కనిపించింది.

ఇజ్రాయెల్ బాధ ఇంకో రకం. కమ్యూనిస్టు దేశం దాడి చేస్తే కాపాడతామంటున్నారు, అరబ్ దేశం దాడి చేస్తే? ప్రధాని బెన్ గురియన్ చివరికి మే 21న ఒప్పుకుంటూ ప్రకటన ఇచ్చాడు గానీ సంకీర్ణంలోని వామపక్షాలకు అది మింగుడుపడలేదు.

సివిల్స్ మిత్ర

సోవియట్ యూనియన్, చైనా ఏమన్నాయి? ఊరికే ఖండించి ఊరుకున్నాయా?

పాత కాగితాలు

ఖండన వెంటనే వచ్చింది. టాస్ వార్తాసంస్థ ద్వారా మాస్కో జనవరి రెండో వారంలో వలసవాదం కొత్త రూపంలో వస్తోందని విరుచుకుపడింది. అప్పుడు మాస్కోలోనే ఉన్న చైనా ప్రధాని చౌ ఎన్‌లై జనవరి 18న సోవియట్ నాయకులతో కలిసి ఉమ్మడి ప్రకటనలో దీన్ని తప్పుపట్టాడు.

కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఫిబ్రవరి 11న జరిగింది. సోవియట్ విదేశాంగ మంత్రి షెపిలోవ్ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లకు లేఖలు పంపాడు. నాలుగు పెద్ద దేశాలూ కలిసి ఒక ప్రకటన చేద్దాం: అక్కడి దేశాల వ్యవహారాల్లో జోక్యం వద్దు, వాటిని సైనిక కూటముల్లోకి లాగొద్దు, విదేశీ స్థావరాలు ఎత్తేద్దాం, ఎవరూ ఆయుధాలు ఇవ్వొద్దు, షరతుల్లేని ఆర్థిక సాయం చేద్దాం అని. ప్రచారం కోసమే అని పశ్చిమ దేశాలు మార్చి 11న కొట్టిపారేశాయి. ప్రచారం ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఆయుధాలు ఇవ్వొద్దన్న ఆ ఒక్క అంశాన్నైనా పట్టుకుని మాట్లాడి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆ ప్రాంతంలోకి రెండు వైపుల నుంచీ ఎన్ని ట్యాంకులు వెళ్ళాయో మనకు తెలుసు.

మల్లెచెట్టు

వైజాగ్ బాబు లెబనాన్ పేరెత్తాడు కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. నేను తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఎక్కువసేపు ఉండేది లెబనాన్ దగ్గరే.

ఆ దేశం 1943 నాటి ఒక అలిఖిత ఒప్పందం మీద నడిచేది. క్రైస్తవులు పశ్చిమ దేశాల రక్షణ కోరకూడదు, ముస్లింలు సిరియాలోనో అరబ్ రాజ్యంలోనో కలిసిపోదామని అడగకూడదు. ఇద్దరూ చెరొక అడుగు వెనక్కి వేసి పక్కపక్కన బతకడం. అధ్యక్షుడు షమూన్, విదేశాంగ మంత్రి చార్లెస్ మాలిక్ కలిసి 1957 మార్చి 16న రిచర్డ్స్‌తో ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. బయటివాళ్ళకు అది ఒక విదేశాంగ ప్రకటన. బీరుట్ ముస్లిం పేటల్లో మాత్రం అధ్యక్షుడు ఒప్పందం తప్పాడు అనే అర్థమైంది. కొందరు పార్లమెంటు సభ్యులు రాజీనామా చేశారు. జూన్ ఎన్నికల్లో సాయెబ్ సలాం, కమాల్ జుంబ్లాత్ లాంటి ప్రతిపక్ష హేమాహేమీలే ఓడిపోయారు. అమెరికా డబ్బు పనిచేసిందన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. షమూన్ మళ్ళీ అధ్యక్షుడయ్యేందుకు రాజ్యాంగం మారుస్తాడన్న అనుమానం దానికి తోడైంది.

1958 మే 8న నసీబ్ మత్నీ అనే పత్రికా సంపాదకుణ్ణి కాల్చి చంపారు. దాంతో తిరుగుబాటు అంటుకుంది. సైన్యాధిపతి షెహాబ్ తన సైన్యాన్ని ఏ వర్గం మీదికీ పంపనన్నాడు, పంపితే సైన్యమే చీలుతుందని. జులై 14న పక్కనే ఇరాక్‌లో విప్లవం వచ్చి రాజునూ, అమెరికా నమ్ముకున్న నాయకుడు నూరీ అల్ సయీద్‌నూ చంపేశారు. మర్నాడే అమెరికా మెరీన్లు బీరుట్ దగ్గర ఖల్దే తీరంలో దిగారు. తుపాకులు పట్టుకుని యుద్ధానికి సిద్ధంగా దిగినవాళ్ళకు ఎదురైంది ఈతకొచ్చిన జనం, కూల్‌డ్రింకులు అమ్ముకునే కుర్రాళ్ళు.

అమెరికా దూతగా వచ్చిన రాబర్ట్ మర్ఫీ అన్ని వర్గాలతోనూ మాట్లాడాడు. ఈ గొడవలో కమ్యూనిజానికి చెప్పుకోదగ్గ పాత్ర లేదని ఆయనే తర్వాత తన జ్ఞాపకాల్లో రాశాడు. చివరికి షెహాబ్‌ను అధ్యక్షుణ్ణి చేసి, అక్టోబర్ 25కల్లా సైన్యం వెళ్ళిపోయింది. షెహాబ్ ఎవరు? ప్రతిపక్షానికి కూడా నచ్చినవాడు. కొత్త ప్రభుత్వం ఐసెన్‌హోవర్ సిద్ధాంతానికి దూరం జరిగింది. ఒప్పుకున్న దేశానికి దక్కింది ఇదీ.

బెజవాడ బాబాయి

సిరియా కూడా చెప్పాలమ్మా. 1957 ఆగస్టులో ప్రభుత్వాన్ని కూల్చడానికి కుట్ర చేశారని ముగ్గురు అమెరికా దౌత్యాధికారులను వెళ్ళగొట్టారు. టర్కీ సరిహద్దుకు సైన్యాన్ని తెచ్చింది. అక్టోబర్‌లో ఈజిప్టు దళాలు లటాకియా రేవులో దిగాయి. యుద్ధమే అన్నంత టెన్షన్. అక్టోబర్ 29న మాస్కోలో టర్కీ రాయబార కార్యాలయం తమ జాతీయ దినం విందు ఇస్తే సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అనుకోకుండా ప్రత్యక్షమై నవ్వుతూ మాట్లాడాడు. దాంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సిరియా కమ్యూనిస్టులకు దెబ్బ తగిలింది వాషింగ్టన్ చేతిలో కాదు. 1958 ఫిబ్రవరిలో సిరియా ఈజిప్టుతో కలిసిపోయినప్పుడు నాసర్ పెట్టిన షరతు, పార్టీలన్నీ రద్దు కావాలని. పార్టీ నాయకుడు ఖాలిద్ బక్దాష్ దేశం వదిలి వెళ్ళాడు. మరుసటి ఏడాది మొదట్లో నాసర్ రెండు చోట్లా కమ్యూనిస్టులను మూకుమ్మడిగా అరెస్టు చేయించాడు. సిద్ధాంతం ఎవరికి వ్యతిరేకంగా వాడారో ఆయనే ఆ పని చేశాడు.

వైజాగ్ కెరటం

ఇది నిజంగా గట్టి పాయింటే. కానీ నా వాదన నేను వదలను. మెరీన్లు దిగకపోతే లెబనాన్ ఆ ఏడాదే చీలిపోయేదేమో. ఇరాక్‌లో సాయం అందలేదు, అక్కడ కమ్యూనిస్టులు 1959లో ఎంత బలపడ్డారో చూడండి. మన సంగతీ అంతే. సిద్ధాంతాన్ని విమర్శిస్తూనే 1956 ఆగస్టు పీఎల్ 480 (అమెరికా ఆహార సాయం చట్టం) ఒప్పందం కింద అమెరికా గోధుమలు దింపుకున్నాం. విదేశీ మారకం అడుగంటితే 1958లో వాళ్ళ అప్పే తీసుకున్నాం.

పాత కాగితాలు

తీసుకున్నాం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. గోధుమలకు ఎవరి సైన్యాన్నీ రానివ్వక్కర్లేదు, ఎవరి జెండా కిందికీ వెళ్ళక్కర్లేదు. నెహ్రూ కోరింది సరిగ్గా ఆ రకం సాయమే. లోక్‌సభలో మార్చిలో విదేశాంగ విధానం మీద జరిగిన చర్చ పూర్తిగా చదవండి, సభ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ఇరాక్ సంగతికి వస్తే, అరబ్ దేశాల్లో సిద్ధాంతానికి అందరికంటే ముందు జై కొట్టింది నూరీ ప్రభుత్వమే. సాయం అందలేదనడం సరికాదు, బాగ్దాద్ ఒప్పందం ద్వారా అందుతూనే ఉంది. 1959 మార్చిలో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందంలోంచి బయటికొచ్చింది. బాగ్దాద్ లేకుండానే బాగ్దాద్ ఒప్పందం మిగిలింది, పేరు మార్చుకోక తప్పలేదు.

దమ్మాం నుంచి

దహ్రాన్ లీజు ఐదేళ్ళు పొడిగించిండ్రని చెప్పిన కదా. ఆ గడువు అయ్యాక సౌద్ రాజు మళ్ళీ పొడిగించలేదు. 1961లోనే ఇక కొనసాగించం అని ప్రకటించిండు, 1962లో అమెరికా వాళ్ళు స్థావరం అప్పజెప్పి వెళ్ళిండ్రు. ఐసెన్‌హోవర్ విమానాశ్రయానికి పోయి స్వాగతం పలికింది ఈ రాజుకే.